జివ్వుమనే పన్ను

మార్చి 4

తమ్ముడికి,

నేను ఉత్తరం రాశానంటే ఏదో పని పడిందని నీకు తెలుసు. అందుకని కుశల ప్రశ్నలతో నీ ఓపిక పరీక్షించను. ఇక్కడ అందరం బాగున్నాం, ఒక్క నా ఎడమవైపు పై పన్ను తప్ప. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. కట్టుడు పళ్ళు చేసే మీ ల్యాబులో ఆ మిషన్ల మోతకి నీకు సగం వినపడదు, మిగతా సగం నువ్వు వినవు. పైగా ఇది గోడలు కూడా వినకూడని మాట.

మూడు నెలల నుంచి చల్లటిది తగిలితే ఆ పన్ను జివ్వుమంటోంది. ఊరికే కాదు, చెవి వెనక నుంచి కంటి దాకా ఎవరో తీగ పట్టుకుని లాగినట్టు ఉంటుంది. కాసేపటికి పోతుంది. పోయాక అసలు వచ్చిందా అనిపిస్తుంది. వేడి టీకి ఏమీ కాదు.

ఇంకొకరైతే చల్లటివి మానేస్తారు, అక్కడితో సరి. నా బతుకు నడిచేదే చల్లదనం మీద కదరా. ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీలో రుచి చూసే పని అంటే వినేవాళ్ళంతా ఎంత అదృష్టమో అంటారు. రోజుకి నలభై చెంచాలు నోట్లో పెట్టుకుని, నాలుక మీద తిప్పి, ఉమ్మేసి, పుక్కిలించి, కాగితం మీద సంతకం పెట్టడంలో అదృష్టమేముందో వాళ్ళకే తెలియాలి. కానీ ఇరవై రెండేళ్ళుగా నేను 'సరే' అని రాస్తేనే ఆ సరుకు మంచుగదిలోకి వెళ్ళి గట్టిపడుతుంది, లారీ ఎక్కుతుంది. అది నాకు గర్వమే.

పోయినేడాది రెండో షిఫ్టు ఆవిడకి జలుబు చేసి వాసన పోయింది. వాసన తిరిగొచ్చేసరికి ఆవిడ కుర్చీలో ఇంకొకరున్నారు. ఇప్పుడు డబ్బాలకి మూతలు పెడుతోంది. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఏ పేస్టు వాడాలో రాయి. లవంగ నూనె పెట్టి చూశాను, నోరంతా మొద్దుబారి వెనీలాకీ చాక్లెట్‌కీ తేడా తెలియలేదు.

మీ బావకీ చెప్పలేదు. ఆయన వేరే పనిలో ఉన్నారు. పడకగదిలో బీరువా వెనక ఎలుక దూరిందట, బోను పెట్టి వారమైంది.

జవాబు కోసం పన్ను పట్టుకుని చూస్తుండే,
అక్క


మార్చి 12

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికి నా చేతుల నిండా ప్లాస్టరు. మీ మరదలే విప్పి చదివింది. 'గోడలు కూడా వినకూడని మాట' దగ్గర ఆగి నా వంక చూసింది. నువ్వు గోడవి కావుగా, చదువు అన్నాను.

ముందే చెబుతున్నాను, నేను డాక్టర్ని కాను, పళ్ళు తయారుచేసేవాణ్ణి. నా దగ్గరికొచ్చే పళ్ళకి నోరుండదు, నొప్పీ ఉండదు. అయినా ఇన్నేళ్ళుగా డాక్టర్ల మాటలు చెవిన పడుతూనే ఉన్నాయి. చల్లటిదానికి జివ్వుమనడానికి కారణాలు చాలా ఉంటాయి. మరీ గట్టిగా తోమితే చిగురు వెనక్కి జారి పంటి మొదలు బయటపడుతుంది. నువ్వు పళ్ళు తోముతుంటే చిన్నప్పుడు గిన్నెలు తోముతున్నావనుకునేవాళ్ళం, గుర్తుందా? లేకపోతే పుచ్చు అయినా కావచ్చు, సన్నటి చీలిక అయినా కావచ్చు. గట్టిది కొరికి వదిలినప్పుడు కలుక్కుమంటే చీలికేమో అని అనుమానించాలి.

ఇంకో సంగతి కూడా ఆలోచించు. నువ్వు పళ్ళు కొరుకుతున్నావా? చాలామందికి ఆ సంగతి తమకే తెలియదు. మనసులో ఏదో పెట్టుకుని పైకి చెప్పనివాళ్ళు ఎక్కువ కొరుకుతారని మా డాక్టరు అంటాడు.

జివ్వుమనే పళ్ళకి వాడే పేస్టూ, మెత్తటి బ్రష్షూ పంపుతున్నాను. పేస్టు ఒకటి రెండు రోజుల్లో పనిచెయ్యదు, రెండు మూడు వారాలు ఓపిక పట్టు. ఈలోగా ఎవరైనా పళ్ళ డాక్టరుకి చూపించు. ఇది నేను మాట వరసకి అనడం లేదు.

ఇక్కడ ఒక పెద్దాయన నా ప్రాణం తోడేస్తున్నాడు. బ్యాండులో బాకా ఊదేవాడట. కట్టుడు పళ్ళు పెట్టుకుని కూడా ఊదాలంటాడు. ఇప్పటికి మూడుసార్లు సెట్టు వెనక్కి తెచ్చాడు. తినడానికి బాగుందా తాతా అంటే, "తినడానికైతే చిగుళ్ళు చాలు బాబూ" అన్నాడు.

మీ మరదలు నిన్ను మరీ మరీ అడిగింది.

తమ్ముడు


మార్చి 20

తమ్ముడికి,

పేస్టు అందింది. బ్రష్షు అందింది. నీ ప్రశ్న కూడా అందింది.

పళ్ళు కొరుకుతున్నావా అని నన్ను అడుగుతావా? మనసులో పెట్టుకుని పైకి చెప్పనివాళ్ళ జాబితాలో నన్ను చేర్చావా? సరే, నువ్వే కదిపావు గనక చెబుతున్నాను. మూడేళ్ళ కింద మా అమ్మాయిని పని నేర్పమని నీ దగ్గరికి పంపితే, మూడు నెలలు తిరగ్గానే వెనక్కి పంపావు. 'దీనికి ఓపిక లేదక్కా' అని ఒకే ఒక్క ముక్క రాశావు. ఆ రోజు నేను నిన్ను పల్లెత్తు మాట అన్నానా? మరదల్ని ఏమైనా అన్నానా? ఈ రోజు అది సిటీ బస్సు నడుపుతోంది. ఆ ట్రాఫిక్‌లో, ఆ హారన్ల మధ్య, రోజుకి పది గంటలు! ఓపిక లేనిది చేసే పనా అది? అయినా నాకు కోపం లేదు. ఉంటే ఇన్నాళ్ళు ఆగేదాన్నా? కోపం లేదని మూడేళ్ళుగా మీ బావకి చెబుతూనే ఉన్నాను.

ఇక పన్ను. పేస్టు మొదలుపెట్టాను. డాక్టరు సంగతి సీజను అయ్యాక చూద్దాం. ఎండలు ముదిరాయి, మూడు షిఫ్టులూ నడుస్తున్నాయి, ఇప్పుడు సెలవు అడిగితే కారణం చెప్పాలి. నాకు నేనే ఒక ఉపాయం కనిపెట్టుకున్నాను. కప్పులోంచి చెంచాతో తీసి, వెంటనే నోట్లో పెట్టుకోకుండా కాసేపు పక్కన ఉంచుతున్నాను. చలి విరిగాక పెట్టుకుంటే పన్ను కిక్కురుమనడం లేదు. పక్కవాళ్ళు చూస్తే కాగితాలు సర్దుకుంటున్నట్టు నటిస్తాను.

ఎలుక ఇంకా దొరకలేదు. బోనులో బిస్కెట్టు ముక్క పెట్టింది పెట్టినట్టే ఉంది. పగలు చప్పుడే ఉండదట, నేను నిద్రపోయాకే కరకర మొదలవుతుందట. "మనిషి అలికిడి కనిపెట్టే జాతి ఇది, తెలివైంది" అంటారు మీ బావ.

ఎవరి మీదా పళ్ళు కొరకని,
అక్క


మార్చి 29

అక్కా,

నాలిక కరుచుకున్నాను. నీ ఉత్తరం మీ మరదలికి ఇస్తే చదివి, "మీరు 'నిద్రలో' అని రాశారా?" అని అడిగింది. రాయలేదు. ఆ ఒక్క మాట కలంలోనే ఉండిపోయింది. నేనడిగింది నిద్రలో పళ్ళు కొరకడం గురించి. దవడ బిగుసుకుని, పైపళ్ళూ కిందిపళ్ళూ రాసుకుని అరిగిపోతాయి, ఒక్కోసారి చీలుతాయి కూడా. అదొక జబ్బు లాంటిది, కోపం కాదు. పొద్దున లేచేసరికి దవడలు నొప్పిగా ఉంటాయేమో చూసుకో.

అమ్మాయి సంగతి. దీని మీద నాతో ఒట్టు వేయించుకుంది. నీ ఉత్తరం చదివాక దానికి ఫోన్ చేసి, "మీ అమ్మ ఇంకా నా మీద ఉడుకుతోందే" అన్నాను. చాలాసేపు నవ్వి, "ఇక చెప్పెయ్ మావయ్యా. ఇప్పుడు నేను బస్సు నడపడం చూసింది కదా" అంది. అందుకని చెబుతున్నాను. పంపింది నేను కాదు. వచ్చిన పదో రోజునే నా దగ్గర కూర్చుని, "మావయ్యా, రోజంతా ఒకే పన్ను చెక్కుతూ కూర్చోవడం నా వల్ల కాదు. నాకు కదిలే పని కావాలి. అమ్మకి చెప్పలేను, ఎంతో ఆశపడి పంపింది. నువ్వే వద్దన్నట్టు రాయి" అని ఏడ్చింది. అలవాటవుతుందేమో అని మూడు నెలలు చూశాను. తర్వాత రాశాను. దానికి చేతిలో పని ఉంది, మనసు లేదు. అంతే.

ఇంకోటి అడుగుతాను, తప్పుగా తీసుకోకు. బావగారితో అంతా సవ్యంగానే ఉందా? నిద్రలో కొరకడం నిజమే అయితే, లోపల ఏదో ఒక బెంగ ఉండే ఉంటుంది కదా.

మరొకటి కూడా, ఇది ఊరికే అడుగుతున్నాను, మీ పని నాకు తెలియదు. ఐస్‌క్రీమ్ కరిగాక నోట్లో పెట్టుకుంటే బాగున్నదీ బాగాలేనిదీ ఎలా తెలుస్తుంది?

తమ్ముడు


ఏప్రిల్ 8

తమ్ముడికి,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు, తేలికదాంతో మొదలుపెడతాను.

నీ ఉత్తరం నేను డ్యూటీలో ఉండగా వచ్చింది, మీ బావ చదివేశారు. "మీ తమ్ముడికి నా మీద అనుమానమా? నీతో సవ్యంగా లేనా?" అని మొహం ముడుచుకున్నారు. రెండు రోజులు నన్ను 'మీరు' అని పిలిచారు. మీరు అన్నం తిన్నారా, మీరు తలుపు వేశారా! మూడో రోజు ఉత్తరం మళ్ళీ తీసి చదివారు, ఈసారి మొదటి నుంచి. చదివి, లేచి, బీరువా వెనక నుంచి ఖాళీ బోను తీసుకొచ్చి నా ముందు పెట్టి, "ఎలుక దొరికింది" అన్నారు. నా దవడ వంకే చూస్తున్నారు. అర్థమయ్యాక ఇద్దరం నవ్వుకున్నాం. నాకు కొంచెం ఏడుపు కూడా వచ్చింది. దవడల నొప్పి నిజమే. దిండు సరిగ్గా లేదనుకునేదాన్ని.

అమ్మాయినేమీ అనలేదు. అనడానికి నోరెలా వస్తుంది? నాకు చెప్పడానికి భయపడేట్టు పెంచింది నేనే. దాని పేరున మూడేళ్ళు నా కోపం నువ్వు మోశావు. ఆ ముక్క ఇంకెప్పుడైనా మాట్లాడుకుందాం.

ఇప్పుడు అసలుది. నువ్వు ఊరికే అడిగిన ప్రశ్న.

పోయిన వారం రెండు లారీల సరుకు వెనక్కి వచ్చింది. డబ్బా తెరిస్తే ఇసుక తిన్నట్టుందని కొన్నవాళ్ళ ఫిర్యాదు. నా సంతకం చూశారు, 'నున్నగా ఉంది, సరే' అని ఉంది. నా దగ్గర బాగున్న సరుకు తర్వాత పాడయిందంటే మంచుగది తలుపు తెరిచి ఉంచారన్నమాటే అని తేల్చారు. ఆ తలుపు బాధ్యత మిషన్ నడిపే అతనిది. అతన్ని మేం గడియారం అంటాం, ఏనాడూ నిమిషం ఆలస్యంగా రాడు గనక. విచారణ అయ్యేదాకా ఇంటి దగ్గర ఉండమన్నారు.

ఇది ఎవరికీ తెలియదు, నీకు చెబుతున్నాను. ఆ రోజు పొద్దున అతను నా దగ్గరికొచ్చాడు. "అమ్మా, మిషన్ లోపల మంచు గీకే బ్లేడ్లు మొద్దుబారినట్టున్నాయి. ఇవాళ గరుగ్గా వస్తోందేమో, కాస్త చూసి చెప్పండి" అన్నాడు. అలా ప్రత్యేకంగా అడిగాడు. నేను చెంచా పక్కన ఉంచి, కరిగాక నోట్లో వేసుకుని, "నున్నగానే ఉందే" అన్నాను. అతను నా మాట నమ్మి మిషన్ నడిపాడు.

కరిగితే ఏదైనా నున్నగానే ఉంటుందిరా.

ఇరవై రెండేళ్ళలో నా సంతకాన్ని ఎవరూ శంకించలేదు. ఇప్పుడూ శంకించడం లేదు. అదే నాకు ముద్ద దిగనివ్వడం లేదు. ఏం చెయ్యమంటావు?

అక్క


ఏప్రిల్ 15

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది, ఇవాళే రాస్తున్నాను. ఏమీ చెప్పకు.

నేను ఆలోచించే అంటున్నాను. బ్లేడ్లు మొద్దుబారింది నిజం కదా, అయితే తప్పు బ్లేడ్లది. విచారణలో మిషన్ విప్పుతారు, చూస్తారు, అతను తిరిగొస్తాడు. ఈలోపు నువ్వు ముందుకెళ్ళి 'పన్ను నొప్పి, అందుకే కరిగించి చూశాను' అంటే ఆ కుర్చీ నీకు మళ్ళీ దొరకదు. రెండో షిఫ్టు ఆవిడ సంగతి నువ్వే రాశావు. కొరివితో తల గోక్కోకు. ముందు పన్ను బాగుచేయించుకో. తర్వాతది తర్వాత.

నింద అంటావా, నాలుగు రోజులుంటుంది, పోతుంది. నేను మూడేళ్ళు మోశాను, నా భుజమేమైనా అరిగిందా?

తమ్ముడు


ఏప్రిల్ 16

తమ్ముడికి,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగుదామనుకున్నాను గానీ ఆగలేకపోయాను. నిన్న చెప్పేశాను.

మేనేజరు గదికి వెళ్ళి నిలబడ్డాను. కూర్చోమన్నాడు. కూర్చుంటే చెప్పలేనన్నాను. ఆయన నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, కొత్తగా చేరినప్పుడు రుచి చూడటం నేనే నేర్పాను.

"ఆ సరుకు నేను కరిగించి చూశాను" అన్నాను.

"అంటే?"

"చల్లగా నోట్లో పెట్టుకోలేదు. నాకు పన్ను జివ్వుమంటోంది. నెల పైనుంచి అలాగే చూస్తున్నాను."

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. "ఆ ఒక్క సరుకేనా?" అన్నాడు. కాదన్నాను. "అయితే నెల రోజుల సంతకాలు..." అని ఆగిపోయాడు. అవునన్నాను. తిట్టినా బాగుండేది. ఫోను తీసి మిషన్ విప్పమని చెప్పాడు. సాయంత్రానికి బ్లేడ్లు బయటికొచ్చాయి, వేలితో రాసినా తెగనంత మొద్దుగా ఉన్నాయి. గడియారానికి కబురు వెళ్ళింది. గోదాములో ఉన్న నెల రోజుల సరుకంతా మళ్ళీ తెరిచి చూస్తున్నారు.

ఇవాళ్టి నుంచి నాకు మూతలు పెట్టే పని. రెండో షిఫ్టు ఆవిడ పక్కనే. వెళ్ళగానే జరిగి చోటిచ్చి, "కూర్చో, ఇక్కడ చలి ఉండదు" అంది.

సెలవు అడగడానికి ఇక కారణం దాచే పని లేదు గనక, మధ్యాహ్నమే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. డాక్టరమ్మ చల్లటి దూది తాకించింది, కుర్చీలోంచి లేచాను. చిన్న పుల్ల కొరికి వదలమంది, ఇంకోసారి లేచాను. చీలిక ఉందట. నిద్రలో కొరకడం వల్లేనంది. లోపలి నరం దాకా పోలేదట, తొడుగు వేస్తే నిలబడుతుందట. "తొడుగు మా తమ్ముడు చేస్తాడు" అన్నాను. అచ్చు తీసి, కొలతలు రాసి ఇచ్చింది. పార్సెల్ పంపుతున్నాను.

అక్క


ఏప్రిల్ 21

తమ్ముడికి,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. నా మంచి కోరే రాశావని తెలుసు.

నీ భుజం అరగలేదంటే, ఆ బరువు నీ అంతట నువ్వు ఎత్తుకున్నావు గనక. అతని భుజం మీద నేను పెట్టాను, అతనికి చెప్పకుండా. రెండూ ఒకటి కావురా.

గడియారం పనిలోకి వచ్చాడు. గేటు దగ్గర ఆపి తప్పు నాదేనన్నాను. "తెలుసమ్మా" అని వెళ్ళిపోయాడు. పన్నెండు రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు అతన్ని. ఎదురుపడితే తల తిప్పుకుంటున్నాడు.

అక్క


మే 2

అక్కా,

ఏప్రిల్ పదిహేను నాటి నా ఉత్తరం చించెయ్. మీ మరదలికి చూపించకుండా నేను పోస్టు చేసిన ఉత్తరం అదొక్కటే. అప్పుడే తెలియాల్సింది అది తప్పని.

నీ అచ్చు వచ్చింది. ప్లాస్టరు పోసి, ఆరాక బల్ల మీద పెట్టుకుని చూశాను. ఎన్ని వేల నోళ్ళ అచ్చులు చూశానో లెక్కలేదు, ఏ రోజూ చెయ్యి ఆగలేదు. నీ పళ్ళు చూసి ఆగిపోయాను. చీలిన పన్ను ఒకటే గానీ, అన్ని పళ్ళ కొసలూ అరిగి చదునైపోయాయి. అది మూడు నెలల్లో అయ్యే అరుగుదల కాదక్కా, ఏళ్ళ తరబడి అయినది. పగలంతా అందరి ముందూ నవ్వుతూ తిరిగేదానివి కదా, ఇదంతా ఎప్పుడు కొరికావు? ఏమేం పెట్టుకున్నావు లోపల? అడిగితే మళ్ళీ కోప్పడతావని భయం. అయినా అడుగుతున్నాను. ఈసారి సరిగ్గానే అడుగుతున్నాను.

తొడుగు పంపుతున్నాను. రెండుసార్లు చేసి పారేసి మూడోది పంపుతున్నాను. బాకా తాత చూసి, "నాకు ఒక్కసారైనా ఇంత శ్రద్ధగా చేశావా?" అని దెబ్బలాడాడు. దాంతోపాటు పడుకునేటప్పుడు పెట్టుకునే మెత్తటి పళ్ళపట్టీ కూడా ఉంది. మీ డాక్టరుకి చూపించి, ఆవిడ సరేనంటే వాడు.

తమ్ముడు


మే 20

తమ్ముడికి,

తొడుగు కుదిరింది. డాక్టరు అటూ ఇటూ కొరికించి చూసి, "గీకే పనే లేదు, చేసిందెవరు?" అని మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. ఇంటికొచ్చి మీ బావ ఎదురుగా ఐసు నీళ్ళు ఒక్క గుటక తాగాను. ఆయనే కళ్ళు మూసుకున్నారు. నాకేమీ కాలేదు. పట్టీ కూడా వాడుతున్నాను, ఇంట్లో 'ఎలుక' సద్దుమణిగింది.

నువ్వడిగినదానికి ఉత్తరంలో జవాబు రాయలేను. అమ్మాయికి వచ్చే నెల వారం సెలవుంది, నేనూ దానితో వస్తాను. నీ బల్ల దగ్గర కూర్చుని చెబుతాను. మిషన్లు ఆపెయ్.

మేనేజరు పోయిన వారం నన్ను పిలిచి ఐదు కప్పులు ముందు పెట్టాడు. అందులో ఒకటి కావాలని పాడుచేసింది. చల్లగా ఉండగానే చూసి, నాలుగోది అన్నాను. సరే, మళ్ళీ కూర్చోమన్నాడు. ఇక మీదట ఒక్కరి సంతకం చాలదు, ఇద్దరు విడివిడిగా చూడాలన్నాడు. మంచిదే అన్నాను. రెండో వ్యక్తిగా మూతల దగ్గరున్న ఆవిడ పేరు చెప్పాను, రెండు రోజులు పరీక్షించి తీసుకున్నాడు.

సోమవారం పొద్దున నా కుర్చీలో కూర్చున్నాను. మామూలుగా కప్పులు బండి మీద వస్తాయి. ఆ రోజు మొదటి కప్పు గడియారమే పట్టుకొచ్చాడు. నెల రోజుల తర్వాత అతను నాతో మాట్లాడిన మొదటి మాట, "కరగకముందే చూడండి."

చెంచా తీసి వెంటనే నోట్లో పెట్టుకున్నాను. చల్లగా తగిలింది, అంతే. నాలుక మీద తిప్పాను. ఎక్కడా పలుకు లేదు, నున్నగా జారింది. ఉమ్మేసి, పుక్కిలించి, కాగితం అందుకుంటే అతను ఇంకా అక్కడే ఉన్నాడు.

"నమ్మకం లేక నిలబడ్డాననుకోకండి" అన్నాడు.

నమ్మకం లేకే నిలబడ్డాడు. మర్నాడూ వచ్చి నిలబడ్డాడు. ఇవాళా వచ్చాడు. రానీ. అతనికి ఎన్నాళ్ళు నిలబడాలనిపిస్తే అన్నాళ్ళూ, అతను చూస్తుండగానే నోట్లో పెట్టుకుంటాను.

మరదల్ని అడిగానని చెప్పు.

అక్క